ముల్లు కుదిరేదాకా

నవ్య విమానం నడుపుతుందంటే మా ఇటిక్యాలలో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మిన సగం మంది "మరి మమ్ముల ఎప్పుడెక్కిస్తది?" అంటూ నా ప్రాణం తీస్తారు. నేను దాని మేనమామను, పేరు ఇమ్మానుయేల్. గద్వాల బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే డబ్బా కొట్టు నాది. నాకు కోపం జాస్తి అని అందరూ అంటారు. నీళ్ళలో పడిన ఫోను తెచ్చి, "పడలేదన్నా, ఒట్టు" అనేవాళ్ళతో పొద్దస్తమానం వేగి చూడండి, మీకూ వస్తుంది.

సరే, నవ్య సంగతి చెప్తాను. దాని నాయిన ఆశీర్వాదం, అంటే మా బావ, వలస కూలి. బొంబాయి, పుణె, సూరత్, ఎక్కడ పైపులైను వేసినా గుంతలు తవ్వేది పాలమూరు వాళ్ళే. మా అక్క బాలమణి కూడా బావ వెంటే పోయేది. నవ్య పదేళ్ళు వచ్చేదాకా ఆ గుంతల గట్ల మీదే పెరిగింది. ఆ తర్వాత అక్క మొండికేసి పిల్లను ఊరికి తెచ్చి బడిలో వేసింది. లెక్కల్లో పిల్ల పిడుగు! గద్వాలలో ఇంటరు, డిగ్రీ అయ్యాక ఒక ప్రభుత్వ పథకం కింద పైలట్ శిక్షణకు సీటు వచ్చింది. తుంగభద్ర వంతెన దాటి అవతలికి పోతే ఒక చిన్న విమానాశ్రయం ఉంది, దాని పక్కనే స్కూలు. సీటు వచ్చిన రోజు నేను కొట్టు మూసేసి బస్టాండులో కనబడ్డవాడికల్లా మైసూర్‌పాక్ పెట్టాను. నాతో తగవున్న వాళ్ళకు కూడా పెట్టాను.

పిల్ల అన్నీ గట్టెక్కింది. ఒంటరిగా ఆకాశంలోకి పోయి వచ్చింది, రాత్రిపూట నడిపింది, వానలో నడిపింది. ఒక్క పరీక్ష దగ్గర మాత్రం ఆగిపోయింది. బయట ఏమీ కనబడని మబ్బులో, ముందరున్న పరికరాలను మాత్రమే చూసుకుంటూ విమానాన్ని రన్‌వే దాకా తెచ్చే పరీక్ష అది. అసలు మబ్బు లేకున్నా, బయటిది కనబడకుండా కళ్ళ చుట్టూ ఒక అడ్డం పెట్టి కూర్చోబెడతారు.

ఇందులో మెలిక ఒకటుంది, చెప్తాను వినండి. మూడు నెలలు విని విని నాకూ వచ్చేసింది. రన్‌వే దగ్గర నుంచి ఆకాశంలోకి కంటికి కనబడని రేడియో దారి ఒకటి పోతుంది. పైలట్ ముందర గడియారంలాంటి అద్దం బిళ్ళలో ఒక ముల్లు ఉంటుంది. దారికి పక్కగా పోతుంటే ముల్లు పక్కకు పోతుంది, దారి మీదికి వస్తే నడిమికి వస్తుంది. కింద టవరులో కూర్చున్నవాళ్ళు "క్లియర్డ్" అంటారు. అంటే ఆ దారి పట్టుకొని రావడానికి అనుమతి ఇచ్చామని. అంతే గానీ వెంటనే దిగమని కాదు! ముల్లు నడిమికి వచ్చి, అటు సగం ఇటు సగం దాటకుండా నిలబడాలి. దాన్ని ఎస్టాబ్లిష్డ్ అంటారు. అప్పుడే ఎత్తు తగ్గించాలి. అందాకా టవరువాళ్ళు చెప్పిన ఎత్తులోనే పోవాలి. దారి తప్పినచోట గుట్ట ఉందో, సెల్ టవరే ఉందో, మబ్బులో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది?

నవ్యకు ఇదంతా నోటికి వచ్చు. రాతపరీక్షలో తొంభై ఆరు మార్కులు. కానీ విమానంలో క్లియర్డ్ అన్న మాట చెవిన పడగానే దాని చెయ్యి ముందుకు పోయేది, విమానం ముక్కు కిందికి వంగేది. ముల్లు ఇంకా పక్కనే ఉండేది! ఒకసారి ఫెయిల్ చేశారు. మళ్ళీ పరీక్ష పెట్టారు, మళ్ళీ అదే తప్పు, మళ్ళీ ఫెయిల్. మూడోసారి కూడా తప్పితే సీటు పోతుందని స్కూలువాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. మధ్యలో పది రోజులు సెలవిచ్చి ఇంటికి పంపారు.

నేను ఊరుకుంటానా? ఇంట్లో అడుగుపెట్టగానే మొదలుపెట్టాను. "ఏం పిల్లా! నోటికొచ్చింది చేతికెందుకు రాదు? తొంభై ఆరు మార్కులు దేనికి, అటక మీద పెట్టనీకా?"

"తెల్వదు మామ," అంది నవ్య. కళ్ళ నిండా నీళ్ళు. "ఆ మాట ఇనంగనే చెయ్యి ఆగుతలేదు. నేను వద్దంటున్న, అది పోతున్నది."

"ఊకోరా ఇమ్మానుయేలు," అని అక్క నా మీద ఎగిరింది. "నీ అరుపులకు అది ఇంక బెదురుతది. ఏం చెయ్యాల్నో అది చెప్పు, లేకుంటే నీ దుకాణానికి నువ్వు పో."

ఏం చేయాలో నవ్యే చెప్పింది. వాళ్ళ స్కూల్లో విమానం దొరకనప్పుడు నేల మీద నడుస్తూ సాధన చేస్తారట. అంతే, నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. మర్నాడు పొద్దున్నే కొట్టుకు తాళం వేసి వచ్చాను. చర్చి ముందర బోలెడంత జాగా ఉంది. అక్క ముగ్గుపిండి తీసుకొని చర్చి గోడ నుంచి బోరింగు దాకా ఒకే ఒక్క గీత లాగింది. ఏటా క్రిస్మస్ నక్షత్రాలు వేసిన చెయ్యి కదా, గీత దారం పట్టినట్టు వచ్చింది. గోడ దగ్గర తాడ్‌పత్రి పరిచి అదే రన్‌వే అనుకున్నాం.

ఇక నవ్య అవతారం చూడాలి! తల మీద నుంచి కనుబొమల దాకా బావ తువ్వాల. గడ్డం కింద చేట, నేల మీది గీత కనబడకుండా. ఒక చేత్తో చేట పట్టుకొని, ఇంకో చేత్తో నిండా నీళ్ళున్న చెంబును నెత్తి మీద పెట్టుకుంది. చెంబు నెత్తి మీద ఉంటే నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు. చెంబును మెల్లగా దించుకుంటూ తాడ్‌పత్రి మీద ఆనిస్తే విమానం నేల మీద వాలినట్టు. ముందర మా అక్క జొన్నకట్టె పట్టుకొని వెనక్కి వెనక్కి నడవాలి. పిల్ల గీతకు ఎంత దూరంలో ఉందో చూసి కట్టెను అటో ఇటో జరపాలి. అదే ముల్లు. టవరు నేను, గాలి కూడా నేనే. పిల్ల గీత మీదికి వచ్చే సమయానికి భుజం పట్టి పక్కకు తోసేవాణ్ణి.

"మామ, గాలి గింత గట్టిగ ఉండదు!" అని అరిచేది నవ్య.

"మా గద్వాల గాలి గిట్లనే ఉంటది, నడువు!" అనేవాణ్ణి.

మూడు రోజులు రోజుకు ఇరవైసార్లు నడిచింది. నేను రైల్వేస్టేషన్‌లో చెప్పే ఆమెలాగా తియ్యటి గొంతుతో "క్లియర్డ్" అనేవాణ్ణి. ఒక్కసారంటే ఒక్కసారి కూడా పిల్ల తొందరపడలేదు. కట్టె నడిమికి వచ్చి నిలబడ్డాకే చెంబు కదిలేది. ఎస్టాబ్లిష్డ్ అనడానికి అక్కకు నోరు తిరగక "కుదిరింది" అనేది. కుండ కుదురు మీద కూర్చున్నట్టు ముల్లు కూర్చోవాలని అక్క లెక్క. మేమూ అదే మాట పట్టుకున్నాం.

"ఇంకేంది పిల్లా, వచ్చేసింది గద!" అన్నాను నేను.

"ఈడ వస్తున్నది మామ," అంది నవ్య, నవ్వకుండా. "ఆడనే పోతున్నది."

నాలుగో రోజు నేను టవరు అవతారంలో ఉన్నప్పుడే గద్వాల నుంచి ఒక గిరాకీ ఫోను చేశాడు. తిట్టడానికి పక్కకు పోతూ, బోరింగు గద్దె మీద కూర్చున్న బావను పిలిచాను. వానకాలం కదా, విత్తనాలు వేయడానికి బావ ఇంటికి వచ్చి ఉన్నాడు. మూడు రోజుల నుంచీ ఒక్క మాట మాట్లాడకుండా చూస్తున్నాడు.

"బావా, జర నువ్వు చెప్పు."

"నాకా ఇంగ్లీషు మాట తెల్వదు గద. ఏమనాలె?"

"మీ కాడ పని మొదలుపెట్టనీకి ఏమంటవో గదే అను."

బావ ఇప్పుడు గుంపు మేస్త్రీ. ఆరేళ్ళ నుంచి నలభై మందిని నడిపిస్తున్నాడు. గద్దె మీద నుంచి లేచి, గొంతు సవరించుకొని, పన్నెండడుగుల గుంత అడుగు దాకా వినబడే గొంతుతో అరిచాడు. "ఊఁ... కానియ్యి!"

నేను ఫోను చెవికి పెట్టుకొనే తిరిగి చూశాను. చెంబు నవ్య మోకాళ్ళ దగ్గర ఉంది! నీళ్ళన్నీ లంగా మీద ఒలికాయి. అక్క చేతిలో జొన్నకట్టె ఎక్కడో కుడివైపు చివర్న ఉంది. ముల్లు కుదరడం మాట అట్లుంచి, పిల్ల గీత దరిదాపుల్లో కూడా లేదు.

"చూసినవా మామ?" అంది నవ్య. తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటోంది. "నేను దించలే. అదే దిగింది."

అందరికంటే ముందు అక్కకే అర్థమైంది. జొన్నకట్టె కింద పడేసి అక్కడే చతికిలపడింది. "పుణెల గిట్లనే గదరా. ఐదేండ్లది. వాళ్ళ నాయినోళ్ళకు నీళ్ళియ్యనీకి చెంబు పట్టుకొని నిచ్చెన మీదికెళ్ళి గుంతల దిగేది. జర ఆలస్యమైతే మేస్త్రీ మమ్ముల తిట్టేటోడు. కేక పడ్డంక కాలు ఆగొద్దు బిడ్డా అని నేనే నేర్పిన."

నాకు అప్పుడు ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. రెండు వేల గంటలు పుస్తకాలు చదివినా పోని అలవాటు, ఒక కేకతో పిల్ల ఒంట్లోకి ఎక్కి కూర్చుంది. విమానంలో వినబడే ఆ గొంతూ పెద్దమనిషి గొంతే కదా! అది అనుమతి ఇస్తే, పిల్ల చెయ్యి ఆజ్ఞ అనుకుంటోంది.

నవ్య చేట కింద పెట్టి వాళ్ళ నాయిన దగ్గరికి పోయింది. "నాయినా, కానియ్యి అంటే నువ్వెప్పుడన్న దిగనన్నవా?"

"అనలే," అన్నాడు బావ. కాసేపు తువ్వాల కోసం భుజం తడుముకున్నాడు. అది నవ్య తల మీద ఉంది. "ఒక్కపారి అనాల్సుండె. సూరత్ కాడ. రాత్రంత వాన పడ్డది. పొద్దుగాల పోయి గుంత గోడ మీద చెయ్యి పెట్టి చూసిన. మన్ను జావ లెక్కుండె. కూలుతదని నాకు ఎరుకే. మేస్త్రీ కానియ్యి అన్నడు. ఎరుకుండే దిగిన బిడ్డా. నేను దిగిన్నని నా యెనక లింగాల కృష్ణయ్య దిగిండు."

తెలిసే దిగాడన్న సంగతి మా అక్కకు కూడా తెలియదని ఆమె మొహం చూస్తే అర్థమైంది.

"నన్ను నడుము దాంక మన్నుల నుంచి గుంజి తీసిండ్రు. కృష్ణయ్య దొరికేటాల్లకు మాపటేలైంది. పాణం లేదు." బావ గద్దె మీద కూర్చున్నాడు. "నోరుంది గద నాకు. దిగ అంటే ఏమైతుండె? మహా అయితే పని పోతుండె. ఇంత జేసి నేను మేస్త్రీనైనంక అదే మాట అంటున్న సూడు. ఆరేండ్ల సంది."

నవ్య ఏడుస్తోంది, నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. ముందుగా లేచింది బావే. బోరింగు కొట్టి చెంబు నింపి పిల్ల చేతిలో పెట్టాడు.

"పెట్టు నెత్తి మీద. నేను అరుస్త. నువ్వు దిగద్దు. ఎంత అరిచినా దిగద్దు. కట్టె కుదిరితేనే దిగు."

అబ్బ, ఆ తర్వాత ఐదు రోజులు చూడాలి! మా బావ అంత మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. "కానియ్యి!" అని అరిచేవాడు. "దిగవేందే, చెవుడా?" అని గద్దించేవాడు. "నలభై మంది నీ కోసం ఆగిండ్రు, దిగు!" అని తొందరపెట్టేవాడు. మొదటిరోజు చెంబు పదిసార్లకు తొమ్మిదిసార్లు కిందికి వచ్చింది. పిల్ల తలంటుకున్నట్టు తడిసింది. రెండోరోజు చెవి దాకా వచ్చి ఆగింది. ఊరు ఊరంతా చర్చి ముందరే ఉంది. పాస్టరుగారు హడావిడిగా బయటికి వచ్చి, "ఏంది ఆశీర్వాదం, పెండ్లికెదిగిన పిల్లను గట్ల తిడుతున్నవ్?" అన్నారు. "తిడుతలేను అయ్యగారూ, చదివిపిస్తున్న," అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ. ఆయన ఒక నిమిషం చూసి, ఆయన కూడా "దిగు బిడ్డా, దేవుని పేరు మీద దిగు" అన్నారు. ఇది మరీ అన్యాయం అని జనం నవ్వారు. చెంబు మాత్రం కదల్లేదు!

నాలుగోరోజు బావ పద్ధతి మార్చాడు. గొంతు తగ్గించి బతిమాలాడు. "బిడ్డా, నాయిన మాటకు ఇలువియ్యవా? ఇందరిల నా ఇజ్జత్ తీస్తవా?" నిజం చెప్తున్నాను, నేనైతే అప్పుడే దించేసేవాణ్ణి. చెంబు గడగడా వణికింది, నీళ్ళు చెంపల మీదికి కారాయి. జొన్నకట్టె ఎడమ చివర్న ఉంది. నవ్య పళ్ళు బిగబట్టి, చెంబును మళ్ళీ నెత్తి మీదికి ఎత్తి పెట్టుకొని, "కుదరలే నాయినా! దిగ!" అని అరిచింది. జనం ఈలలు వేశారు. అక్క కట్టె నడిమికి వచ్చి ఆగాక, పిల్ల అడుగులో అడుగు వేసుకుంటూ పోయి, చెంబును తాడ్‌పత్రి మీద చుక్క ఒలకకుండా దించింది.

కానీ చర్చి ముందరి జాగా వేరు, ఆకాశం వేరు. పిల్ల తిరిగి స్కూలుకు పోయాక నాకు కంటికి కునుకు లేదు. పరీక్ష రోజు నేను, అక్క, బావ తెల్లవారగానే బస్సెక్కి పోయాం. లోపలికి రానివ్వరు కదా, విమానాశ్రయం కంచె బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. ఆషాఢం గాలి. అక్క కొంగు నిలవడం లేదు, నా టోపీ ఎగిరిపోయి కంచె అవతల పడింది. ఈ గాలిలో పిల్లను పంపుతారా, వీళ్ళకు బుద్ధుందా అని నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నవ్య విమానం రెక్క కింద ఎర్ర చార ఉంటుందని ముందే చెప్పింది. తొమ్మిదిన్నరకు ఎర్ర చార పైకి లేచింది. పక్కన ఎగ్జామినర్ సారు కూర్చొని ఉంటాడు.

అందాకా వచ్చిన రెండు విమానాలు మా నెత్తి మీదుగా ఎంత కిందికి వచ్చి దిగాయంటే, చక్రాలు లెక్కపెట్టొచ్చు. కాబట్టి దిగే విమానం ఎంత ఎత్తులో ఉండాలో మాకు తెలిసిపోయింది. ఒక గంటకు తూర్పున చుక్కలాగా ఎర్ర చార కనబడింది. వస్తోంది, వస్తోంది... అక్క "ప్రభువా, ప్రభువా" అంటోంది. విమానం దగ్గరికి వచ్చింది. కానీ కిందికి రాలేదు! గద్ద తిరిగేంత ఎత్తులో, రన్‌వేకు కొంచెం పక్కగా, అటునుంచి అటే పోయింది. ఇంజను గట్టిగా మోగింది. ఇంకా పైకి లేచి, గుట్టల అవతలికి తిరిగిపోయింది.

"అయిపాయె," అన్నాను. "దిగలేకపోయింది. మూడోపారి గూడ పోయింది అక్కా. ఈ గాలి నోట్ల మన్ను వడ!"

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు నా భుజం మీద దబీమని దెబ్బ పడింది. తిరిగి చూస్తే బావ! నేల మీద కాలు నిలవడం లేదు, కళ్ళు మెరిసిపోతున్నాయి.

"దిగలే! చూసినవారా ఇమ్మానుయేలూ? నా బిడ్డ దిగలే!"

"పాగలైనవా బావా? దిగకుంటే పాసెట్లైతది?"

"వాళ్ళు కానియ్యి అనే ఉంటరు. అనకుంటే గింత దగ్గరికి ఎందుకొస్తది? అన్నరు, అది దిగలే! ముల్లు కుదరలే, అందుకే దిగలే!" కంచె పట్టుకొని ఊపుతున్నాడు. "శభాష్ బిడ్డా! దిగకు! ఇయ్యాల కుదరకుంటే రేపు దిగు!"

"సీటు పోతది బావా!"

"పోనీరా! సీటు పోతే పోనీ!"

నేను బావ మొహంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడు. పరీక్ష మాట ఆయన మరిచేపోయాడు. నాకు మాత్రం మరుపు రాలేదు. కాలుకాలిన పిల్లిలాగా ఆ వేపచెట్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఇరవై నిమిషాలు అయ్యాక ఎర్ర చార మళ్ళీ తూర్పున కనబడింది. ఈసారి రెక్కలు గాలికి ఊగుతున్నా విమానం ఒక్క గీత మీద వస్తోంది. దూరం నుంచే మెల్లమెల్లగా దిగుతోంది. మా నెత్తి మీదికి వచ్చేసరికి చక్రాలు స్పష్టంగా కనబడ్డాయి. దుమ్ము లేపుకుంటూ రన్‌వే మీద వాలింది. నేను అరిచిన అరుపుకు గేటు దగ్గరి కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

చాలాసేపటికి నవ్య బయటికి వచ్చింది. పక్కన వాళ్ళ టీచరు గీత మేడం. పిల్ల గేటు దాకా వచ్చేవరకు ఆగలేక, "ఏమైంది? ఏమైందే?" అని దూరం నుంచే కేకలు వేశాను. గీత మేడమే ముందు చెప్పారు. "పాసైంది అన్నగారూ! మంచిగా పాసైంది. ముల్లు కుదరకముందే దించమని ఎగ్జామినర్ సారు కావాలని రెండుసార్లు గద్దించారంట. ఎత్తు వంద అడుగులు కూడా తగ్గలేదంట."

అక్క పిల్లను పట్టుకొని భోరుమంది. నవ్య గబగబా చెప్పుకుపోయింది. "గాలి మామ, నువ్వు తోసినట్టే తోసింది! ముల్లు నడిమికొచ్చింది, మల్ల జారింది. గప్పుడే క్లియర్డ్ అన్నరు. సారు పక్కన కూసోని, అనుమతి ఇచ్చిండ్రు గద, ఇంకేం చూస్తున్నవ్, దించు అన్నడు. ఎస్టాబ్లిష్డ్ కాలే సార్ అన్న. ఆయన గట్టిగ అరిచిండు." ఇక్కడ ఆగి వాళ్ళ నాయిన వైపు తిరిగింది. "అరిచింది సారే గని, నాకు నీ గొంతే ఇనబడ్డది నాయినా."

"దిగమన్ననా?" అన్నాడు బావ.

"దిగమన్నవ్."

"మరి?"

"దిగ అన్న."

బావ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నాం. పిల్ల అక్కడే ఉండిపోయింది, మేం ముగ్గురమే. నేను ఊళ్ళో ఎవరెవరికి ఫోను చేయాలో వరుసగా చేస్తున్నాను. కండక్టరు టికెట్లు కొడుతూ మా సీటు దగ్గరికి వచ్చాడు. బస్సెక్కినప్పటి నుంచీ కిటికీలోంచి ఆకాశం చూస్తున్న బావ, ఆ ముక్కు మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఇయ్యాల నా బిడ్డ నా మాట ఇనలే," అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

కండక్టరు మంచివాడు. టికెట్లు కొట్టడం ఆపి జాలిగా చూశాడు. "ఏం చేస్తవ్ పెద్దాయనా, ఈ కాలం పిల్లలు గంతే. ఎవ్వరి మాట ఇనరు."

"ఇనొద్దు," అన్నాడు మా బావ. "ఇనొద్దు సారూ."